డిజైనర్ చూపించిన ఫొటో వెనక ఏముంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల. మా డిజైనర్ ఫలానా స్టైల్ అంటున్నారు, అదేంటి, ఎక్కడి నుంచి వచ్చింది, దానికి ఇంత డబ్బు పెట్టొచ్చా అని. అందుకని ప్లైవుడ్ గ్రేడులూ, కిచెన్ ట్రాలీల రేట్లూ ఈసారికి పక్కన పెట్టేశాను. వాటి గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల రాస్తాను.

మేడం, కొత్త ఫ్లాట్ ఇంటీరియర్స్ కోసం ముగ్గురు డిజైనర్లని కలిశాం. ముగ్గురూ ట్యాబ్ తెరిచి ఇంచుమించు అవే ఫొటోలు చూపించారు. బూడిద రంగు సోఫా, టీవీ వెనక పట్టీలు పట్టీలుగా చెక్క ప్యానెల్, సీలింగ్‌లో దాచిన లైట్లు. కాపీ కొట్టడానికా మేం ఫీజు ఇచ్చేది? అసలు పేరున్న డిజైనర్లకి ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయి? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

కాపీ కొట్టడమే తప్పని నేననను, ఎందుకంటే నేనూ కొట్టాను, కొడుతూనే ఉంటాను. తేడా ఎక్కడంటే, ఫొటోలో కనిపించేది కాపీ కొడుతున్నామా, లేక అది అలా ఎందుకు చేశారో తెలుసుకుని ఆ కారణాన్ని తీసుకుంటున్నామా అన్న దగ్గర.

షార్లెట్ పెరియాన్ అని ఫ్రెంచి డిజైనర్. 1927లో పాతికేళ్ళు కూడా లేవు ఆవిడకి, పారిస్‌లో పేరున్న ఆర్కిటెక్టు లె కార్బూజియే ఆఫీసుకి ఉద్యోగం అడగడానికి వెళ్తే, మేమిక్కడ దిండ్ల మీద కుట్లు కుట్టం అని చెప్పి పంపించేశాడు ఆయన. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. తను ఉంటున్న అటక గదిలోని బార్‌ని నికెల్, అల్యూమినియం, గాజుతో చేసి, ఆ ఏడాదే ఒక పెద్ద ప్రదర్శనలో పెట్టింది. అది చూశాక ఆయనే పిలిచి పనిలోకి తీసుకున్నాడు. ఆ మెరిసే లోహం ఆవిడకి ఏ ఫర్నిచర్ పుస్తకంలోనో దొరకలేదు, పారిస్ రోడ్ల మీద తిరిగే కార్లలో, సైకిళ్ళలో దొరికింది. ఆ రోజుల్లో మెడలో వేసుకున్న గొలుసు కూడా మెరిసే లోహపు గుండ్లదే, మెషీన్లో బాల్ బేరింగుల్లాంటివి! ఆ పిచ్చి అలాంటిది.

అసలు కథ తర్వాతది. 1928లో ఆ ఆఫీసులో ముగ్గురు కలిసి స్టీలు గొట్టాలతో పడక కుర్చీ ఒకటి చేశారు, మనిషి వీపు వంపుకి సరిగ్గా సరిపోయేలా. పన్నెండేళ్ళ తర్వాత 1940లో జపాన్ ప్రభుత్వం పెరియాన్‌ని సలహాదారుగా పిలిచింది. అక్కడ వెదురు పని చూసి, అదే కుర్చీని వెదురుతో మళ్ళీ చేసింది. వంపు అదే, వస్తువు మారింది. తనకి కావాల్సింది స్టీలు కాదు, వీపుకి సుఖమని ఆవిడకి తెలుసు కాబట్టి అది కుదిరింది.

ఇప్పుడు మీ ముగ్గురి సంగతి. ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: టీవీ వెనక ఈ చెక్క పట్టీలు ఎందుకు? "వైర్లు కనపడకుండా ఉంటాయి సార్, గోడలో చెమ్మ ఉంది, తీసి చూసుకోవడానికి వీలుంటుంది" లాంటి జవాబు వస్తే మాట్లాడే మనిషి దొరికినట్టే. "ఇప్పుడంతా ఇదే ట్రెండ్ సార్" అంటే మాత్రం కాఫీ తాగేసి వచ్చెయ్యండి. ఆ పట్టీల మధ్య దుమ్ము తుడవాల్సింది వాళ్ళు కాదు.

మా తాతగారిది పశ్చిమ గోదావరిలో మండువా లోగిలి. పంపకాల్లో పడగొట్టేశారు. ఇప్పుడు కొండాపూర్‌లో మా త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ హాల్లో నాలుగు స్తంభాలు పెట్టి, మధ్యలో సీలింగ్‌కి ఆకాశం బొమ్మ ఉన్న లైటు బిగిస్తే అచ్చం మండువాలా ఉంటుందని డిజైనర్ అంటున్నాడు. నాలుగు లక్షలవుతుందిట. నాకు మనసు లాగుతోంది, మా ఆవిడ వద్దంటోంది. – ఒక పాఠకుడు, హైదరాబాద్

మీ ఆవిడ మాట వినండి.

కోపం తెచ్చుకోకండి, ఇది నా చెయ్యి కాలిన విషయం. కొన్నేళ్ళ కిందట మణికొండలో ఒక ఫ్లాట్‌కి నేనే ఇలాంటి స్తంభాలు పెట్టించాను. లోపల ప్లైవుడ్ డొల్ల, పైన టేకు వినీర్, కింద రాయిలా కనపడే పెయింటు. గృహప్రవేశం రోజు అందరూ ఫొటోలు దిగారు, నేనూ దిగాను. ఆర్నెల్ల తర్వాత ఏదో పని మీద వెళ్ళి చూస్తే ఒక స్తంభానికి హెల్మెట్ వేలాడుతోంది, ఇంకోదాని అంచు పిల్లాడి సైకిల్ తగిలి ఊడి లోపలి ప్లైవుడ్ పళ్ళికిలిస్తోంది. ఆ ఇంటావిడ నన్నేమీ అనలేదు. "వీటి చుట్టూ తిరగాల్సొస్తోందండీ" అంది, అంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మండువా అంటే స్తంభాలు కాదు కదండీ. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, నడిమధ్యన ఆకాశానికి వదిలేసిన చోటు. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ అక్కడే దూకేవి, మూలల్లో రేకు గాడుల కింద మా అమ్మమ్మ గంగాళాలు పెట్టేది, ఒక్కో గంగాళం నిండేకొద్దీ శబ్దం మారేది. పొద్దున ఎనిమిదింటికి పడమటి స్తంభం మీద ఉన్న ఎండ పన్నెండింటికి గచ్చు మధ్యకి వచ్చేది, వడియాల చాప దాని వెంట జరుగుతూ ఉండేది. వేడి గాలి పైకి పోతుంటే చుట్టూ గదుల్లోంచి చల్లగాలి లాక్కునేది. స్తంభాలు ఉన్నది కప్పుని మొయ్యడానికే, అందం దారిలో వచ్చింది. మీ ఫ్లాట్‌లో కప్పుని మోసే పని కాంక్రీటు ఎప్పుడో తీసేసుకుంది, పైన ఇంకో ఇంటి వాళ్ళ హాలుంది. ఇక ఆ నాలుగూ ఏం మోస్తాయి?

శ్రీలంకలో జెఫ్రీ బావా అని ఆర్కిటెక్టు ఉండేవాడు, మొదట లాయరు. 1948లో లునుగంగ అనే పాత రబ్బరు తోట కొనుక్కుని, దాన్ని తీర్చిదిద్దుకోవడంలో పడి, ఇదేదో సరిగ్గా నేర్చుకోవాలనుకుని ఆర్కిటెక్చర్ చదివాడు. 1960ల మొదట్లో కొలంబోలో ఎనా డి సిల్వా అనే బాతిక్ కళాకారిణి ఇల్లు కట్టమని అడిగింది. ఆవిడది పాత లోగిళ్ళ కుటుంబం, స్థలం చూస్తే సిటీలో చిన్న ముక్క. రోడ్డు వైపు గోడ కట్టేసి, ఇంటి మధ్యన పెద్ద వాకిలి ఆకాశానికి వదిలి, గదులన్నీ దాని చుట్టూ తిప్పాడు. స్తంభాలు ఆ ఇంట్లోనూ ఉన్నాయి, కాని అవి నిజంగా కప్పుని మోస్తాయి. మన మండువాకి, వాళ్ళ పాత ఇళ్ళకి చుట్టరికం ఉన్నట్టే ఉంటుంది చూస్తే, రెండు చోట్లా అవే ఎండలు, అవే వానలు మరి. దశాబ్దాల తర్వాత ఆ స్థలం చేతులు మారినప్పుడు ఇంటిని పడగొట్టలేదు. విప్పి, ముక్కముక్కకీ నంబరు వేసి, లునుగంగకి తీసుకెళ్ళి మళ్ళీ నిలబెట్టారు. మీ తాతగారి ఇల్లు గుర్తొచ్చి బాధపడతారేమో గాని చెప్పకుండా ఉండలేకపోయాను.

సరే, మీకేం చెయ్యొచ్చు. ఫాల్స్ సీలింగ్ అసలు వద్దు, ఉన్న తొమ్మిదిన్నర అడుగుల ఎత్తూ మీకే మిగుల్చుకోండి. హాలుకి, బాల్కనీకి మధ్య జరిపే తలుపు పూర్తిగా తీసే వీలుంటే తీసేయండి, బాల్కనీ గోడ పొడుగునా పదహారు, పద్దెనిమిది అంగుళాల ఎత్తున అరుగు కట్టించి పైన కడప రాయి పరిపించండి. రాయి బరువు బాల్కనీ ఆపుతుందో లేదో బిల్డరు తరఫు ఇంజనీర్ని అడక్కుండా మాత్రం చెయ్యొద్దు. సాయంత్రం ఆ అరుగు మీద కూర్చుని మీరు పేపరు చదువుకుంటుంటే, మీ ఆవిడ చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంటే మండువా గాలి కొంచెం తగులుతుంది.

ఇంకొకటి. ఆ ఇల్లు పడగొట్టినప్పుడు తలుపులు, ద్వారబంధాలు, చిలక్కొయ్యలు ఎవరు పట్టుకెళ్ళారు? ఊళ్ళో వాకబు చెయ్యండి. ఇలాంటివి చాలాసార్లు ఎవరి పశువుల పాకలోనో, కర్రల అడితిలోనో పడి ఉంటాయి. గోడకి నాలుగు చిలక్కొయ్యలు దొరికినా చాలు, నాలుగు లక్షల స్తంభాల కంటే అవి మీ తాతగారివి. ద్వారబంధం దొరికితే ముందు ఎత్తు కొలుచుకోండి. పాత గుమ్మాలు పొట్టివి, తల వంచి లోపలికి వెళ్ళాలి. దేవుడి గదికైతే బాగుంటుంది, బాత్రూమ్‌కి పెట్టారో రోజూ బొప్పి కడుతుంది.

డైనింగ్ టేబుల్ చూడ్డానికి వెళ్తే అంచులు వంకరటింకరగా, చెట్టు ఎలా ఉందో అలాగే వదిలేసిన బల్ల చూపించి లక్షా ఎనభై వేలన్నారు. మధ్యలో పగులు కూడా ఉంది! అడిగితే "నకషిమా స్టైల్" అన్నాడు షాపతను. ఎవరండీ ఈయన? పగిలిన బల్లకి అంత రేటా? – ఒక పాఠకురాలు, వరంగల్

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దండం పెట్టాలి, నాకు చాలా ఇష్టమైన మనిషి గురించి అడిగారు. పైగా ఈ కథకి మన తెలంగాణతో చిన్న లంకె ఉంది.

జార్జి నకషిమా 1905లో అమెరికాలో పుట్టిన జపనీయుల బిడ్డ, చదివింది ఆర్కిటెక్చర్. టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు దగ్గర పనిచేస్తుండగా, పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ళు సాధకుల కోసం వసతి గృహం కట్టాలనుకున్నారు, ఆ పని రేమండ్‌కి వచ్చింది. సైటు చూసుకోవడానికి నకషిమా పుదుచ్చేరి చేరాడు. ఆ భవనం పేరు గోల్‌కొండ్, అంటే మన గోల్కొండే. అప్పటి హైదరాబాద్ దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం సర్కారు నుంచి వచ్చిన విరాళంతో మొదలైంది కాబట్టి ఆ పేరు పెట్టారు. గది పొడుగునా రెండు వైపులా తెరిచీ మూసీ పలకలు, కిటికీ అంటూ వేరే ఉండదు, ఎండని ఆపి గాలిని మాత్రం రానిస్తాయి. కట్టింది ఎక్కువగా ఆశ్రమవాసులే. మొత్తం కాంక్రీటు, మన దేశంలో అలాంటి ఆధునిక కట్టడాల్లో ముందు వరసలోది. నకషిమా పనికని వచ్చి అక్కడే సాధకుడై కూర్చున్నాడు. అరవిందులు ఆయనకి సుందరానంద అని పేరు పెట్టారు. ఆ భవనం కోసమే కొంత ఫర్నిచర్ గీశాడు, చెక్క పని మీద మనసు పడ్డది అక్కడే.

తర్వాత అమెరికా తిరిగెళ్ళాడు. యుద్ధం. 1942లో పడమటి తీరంలో ఉన్న జపాన్ మూలాల వాళ్ళతోపాటు ఆయన్నీ, భార్యనీ, పసిపాపనీ ఐడహోలోని క్యాంపులో పెట్టారు. ఆ క్యాంపులో గెంటారో హికొగావా అనే జపనీస్ వడ్రంగి కలిశాడు. ఆయన దగ్గరే ఉలి పట్టడం, చెక్కని చూడడం నేర్చుకున్నాడు, దొరికిన తుక్కు చెక్కతో. ఏడాది తర్వాత రేమండ్ పూచీ మీద బయటపడి పెన్సిల్వేనియాలో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. చేతిలో డబ్బు లేదు, మంచి పలకలు కొనలేడు. పగుళ్ళున్నవీ, అంచు వంకరున్నవీ, మిగతావాళ్ళు తీసిపారేసినవీ తెచ్చుకునేవాడు. పగులు ఇంకా పాకకుండా సీతాకోకచిలుక ఆకారంలో చెక్క బిళ్ళ కోసి దాని మీద అడ్డంగా దిగ్గొట్టేవాడు. మీరు షాపులో చూసిన పగులు మీద అలాంటి బిళ్ళ ఉందా? ఉంటే అది ఆయన దగ్గరి నుంచి వచ్చిందే. పగులులో నీలం రంగు ఎపాక్సీ జిగురు పోసి నదిలా చేసి ఉంటే మాత్రం నకషిమా పేరు ఎత్తొద్దని షాపతనికి నా మాటగా చెప్పండి.

అంటే చూడండి, తుక్కు ధరకి దొరికే చెక్క దగ్గర పుట్టిన ఆలోచన, మనదాకా వచ్చేసరికి లక్షా ఎనభై వేలైంది.

మీది వరంగల్ అంటున్నారు కాబట్టి ముందు దగ్గర్లోని కలప అడితికి వెళ్ళండి. ఈ బల్లలకి షాపుల్లో ఎక్కువగా వాడేది నిద్రగన్నేరు. అడితిలో నిద్రగన్నేరో, వేపో, మామిడో రెండంగుళాల మందం పలక నిలువునా కోసింది ఉందేమో అడగండి. ఎన్నాళ్ళ కిందట కోశారు అన్నది అసలు ప్రశ్న. నీడలో గాలికి ఆరాలంటే అంగుళం మందానికి ఏడాది అని ఒక మోటు లెక్క. పచ్చి పలక తెచ్చి ఏసీ గదిలో వేశారంటే అది విల్లులా వంగుతుంది, మా ఇంట్లో ఒకటుంది, దాని మీద గుండ్రటి పండు నిలవదు. తేమ కొలిచే చిన్న మీటరు మీ వడ్రంగి మేస్త్రీ దగ్గర లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పలక, మేస్త్రీ కూలీ, పాలిష్ అన్నీ కలిపినా షాపతని రేటు దరిదాపుల్లోకి రాదని నా నమ్మకం.

ఆన్‌లైన్‌లో చండీగఢ్ కుర్చీ అని అమ్ముతున్నారు, పేము అల్లిక, కాళ్ళు తిరగేసిన వి అక్షరంలా ఉంటాయి. ఇవి నిజంగా చండీగఢ్‌వేనా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

కావు, నకళ్ళు. అసలువి 1950లలో చండీగఢ్ కొత్తగా కడుతున్నప్పుడు ఆర్కిటెక్టు పియర్ జానరే, ఆయన బృందం ప్రభుత్వ ఆఫీసుల కోసం చేసినవి. ఆ బృందంలో యూలీ చౌదరి అనే మన దేశపు ఆర్కిటెక్టు కూడా ఉంది, ఆవిడ పేరు ఎవరూ తలవరు. టేకు ఎందుకంటే చెదలు త్వరగా పట్టదు, పేము ఎందుకంటే వీపుకి చెమట పట్టదు, రెండూ ఇక్కడే దొరికేవి. గుమాస్తాలు కూర్చునే కుర్చీలండీ అవి. పాతబడ్డాక తుక్కు కింద వేలం వేస్తే విదేశీ డీలర్లు కొనుక్కెళ్ళి, బాగుచేసి, లక్షల్లో అమ్ముకున్నారు. నకలు కొనడంలో తప్పులేదు, అల్లిక ప్లాస్టిక్‌దా పేముదా చూసుకోండి చాలు. మీ సముద్రపు గాలికి పేము బూజు పడుతుంది, పొడిబట్టతో తుడిచి అప్పుడప్పుడూ గాలికి పెట్టండి.

ఎప్పుడూ ఆ ఫ్రాన్సు, ఈ జపాను. మన దగ్గర స్ఫూర్తి తీసుకోదగ్గది ఏమీ లేదా మీకు? – ఒక పాఠకుడు, అనకాపల్లి

అనకాపల్లి నుంచి అడిగారు కాబట్టి తప్పించుకోలేను, ఏటికొప్పాక మీ జిల్లాలోనే ఉంది. కాని మొదలుపెట్టేది మళ్ళీ విదేశం నుంచే, క్షమించండి.

ఐలీన్ గ్రే అని ఐర్లండ్‌లో పుట్టిన డిజైనర్, పారిస్‌లో సీజో సుగావారా అనే జపాన్ పనివాడి దగ్గర లక్కపని నేర్చుకుంది. జపాన్‌వాళ్ళది ఒక చెట్టు పాలతో చేసే పూత. పొర మీద పొర వేస్తూ, ప్రతి పొరా ఆరాక రుద్దుతూ, ఒక్క తెర చెయ్యడానికి నెలలు పట్టేది. ఆ పాలకి చేతులు పుండ్లు పడ్డా మానలేదు. అంత ఓపిక పట్టిన మనిషే 1920ల చివర్లో సముద్రం ఒడ్డున కట్టుకున్న ఇంట్లోకి స్టీలు గొట్టంతో, గాజు పలకతో ఎత్తు మార్చుకునే చిన్న బల్ల చేసింది. పక్కమీద కూర్చుని టిఫిన్ తినడానికి వీలుగా, కాలు మంచం కిందికి దూరేలా. ఇప్పుడు మీరు ఆన్‌లైన్‌లో చూసే సోఫా పక్క బల్లలు సగం దాని పిల్లలే.

మన ఏటికొప్పాకది వేరే లక్క, పురుగు నుంచి వచ్చేది. అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. తిరిగే వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. నెలలు కాదు, నిమిషాలు. ఎదురుగా కూర్చుని చూస్తే కన్ను తిప్పుకోలేరు. మరి మనం దాంతో ఏం చేయించుకుంటున్నాం? షోకేసులో బొమ్మలు. నేను ఈ మధ్య ఒక వంటింటికి సొరుగుల పిడులన్నీ లక్కవే చేయించాను, పసుపువి, కుంకుమ రంగువి. రోజూ పట్టుకునే వస్తువు, చేతికి వెచ్చగా ఉంటుంది, స్టీలు హ్యాండిల్‌లా చలికాలం జిల్లుమనదు. పొయ్యి దగ్గర సొరుగులకి మాత్రం పెట్టలేదు, వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది. ఆ నాలుగింటికి ఇత్తడివి వేశాం. అడిగారు కాబట్టి చెప్తున్నా, ఆ పిడుల ఆలోచన నాకు బొమ్మల నుంచి రాలేదు, మా పిన్ని కుంకుమ భరిణె మూత నుంచి వచ్చింది.

మా అమ్మాయి ఇంటర్ అయ్యాక ఇంటీరియర్ డిజైన్ చేస్తానంటోంది. రోజంతా ఫోన్లో ఇళ్ళ ఫొటోలు చూస్తూ ఉంటుంది. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చేర్పించాలి, ఇప్పటి నుంచే ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి, కర్నూలు

ఫొటోలు చూడనివ్వండి, అంతకంటే పెద్ద వ్యసనాలున్నాయి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఈ కోర్సు ఉంది. అసలు వస్తువులు డిజైన్ చెయ్యడం వైపు మనసుంటే ఎన్ఐడీకి, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి, రాయించండి, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్ఐడీ ఉంది. ఫీజులు, తేదీలు వాళ్ళ వెబ్‌సైట్లలోనే చూసుకోండి, ఏటా మారుతుంటాయి.

అహ్మదాబాద్‌లో మొదటి ఎన్ఐడీ 1961లో ఎలా పుట్టిందో మీ అమ్మాయికి చెప్పండి. అంతకు మూడేళ్ళ ముందు చార్ల్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతుల్ని, అప్పటికే కుర్చీలతో బాగా పేరున్నవాళ్ళని, మన ప్రభుత్వం పిలిచి దేశమంతా తిప్పి, డిజైన్ నేర్పే సంస్థ ఎలా ఉండాలో చెప్పమంది. వాళ్ళు ఇచ్చిన నివేదికలో అన్నిటికంటే మెచ్చుకున్న వస్తువు ఏంటో తెలుసా? తాజ్ మహల్ కాదు, చెంబు. నీళ్ళు తెచ్చుకునే మామూలు లోటా. దాన్ని పట్టుకుని వరసగా ప్రశ్నలు వేశారు. ఎన్ని నీళ్ళు పట్టాలి, ఎవరి చెయ్యి పట్టుకుంటుంది, నెత్తి మీదా చంకనా, నిండినప్పుడు బరువెటు మొగ్గుతుంది, ఖాళీ అయినప్పుడెటు, వంచితే ధార ఎలా పడుతుంది, చెయ్యి లోపలికి పెట్టి తోమగలమా, రాయి మీద పెడితే ఎలా మోగుతుంది, పాతబడ్డాక అమ్మితే ఎంతొస్తుంది. చెంబుని ఏ ఒక్కరూ డిజైన్ చెయ్యలేదు, తరాల తరబడి చేతులు అరగదీసి ఆ ఆకారానికి తెచ్చాయి.

ఈ సెలవుల్లో అమ్మాయి చేత ఒక పని చేయించండి. ఇంట్లో పాత వస్తువు ఒకటి, కవ్వమో, సన్నికల్లో, పీటో తీసుకుని, స్కేలుతో కొలిచి, ముందు నుంచీ పక్క నుంచీ పై నుంచీ మూడు బొమ్మలు గియ్యమనండి. పక్కన ఈ చెంబు ప్రశ్నలే వేసుకుని జవాబులు రాయమనండి. ఫొటో తియ్యడం వేరు, కొలిచి గియ్యడం వేరు. కొలిస్తేగాని పీట ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ ఎత్తులో తేడా ఉందో లేదో తెలీదు. బాగా వస్తే మాకు పంపండి, వచ్చే నెల ఇదే పేజీలో వేస్తాను. కత్తిపీట మాత్రం వద్దు, కాలేజీ రోజుల్లో అది కొలుస్తూనే నేను చూపుడువేలికి మూడు కుట్లు వేయించుకున్నాను.